తుమ్మితే ఊడని ముక్కు

శనివారం పొద్దున ఎనిమిదింపావు. కూకట్‌పల్లిలో మా అపార్ట్‌మెంట్ ఆరో అంతస్తు. లిఫ్టు ముందు నిలబడి ఉన్నాను. నెత్తిన బంగారు రంగు కిరీటం, నడుముకి ఎర్ర దట్టీ, కుడిచేతిలో కత్తి, ఎడమ భుజం మీద వేలాడుతూ ఒక శవం. కంగారుపడకండి, అది ఫోమ్‌తో చేసిన బేతాళుడు. నేను విక్రమార్కుణ్ణి.

లిఫ్టు బటన్ నొక్కడానికి చెయ్యి రావడం లేదు.

ఇరవై రెండేళ్లుగా నేను కాలేజీల్లో, కంపెనీల్లో నలుగురి ముందు నిలబడటం ఎలాగో పాఠాలు చెబుతున్నాను. గుండె నిండా ఊపిరి పీల్చండి, కళ్లు మూసుకుని జనం చప్పట్లు కొడుతున్నట్టు ఊహించుకోండి అని వేలమందికి చెప్పి ఉంటాను. ఆ పొద్దున అవన్నీ వరసగా చేసి చూశాను. కళ్లు మూసుకుంటే చప్పట్లు వినబడలేదు. మూడో అంతస్తులో ఉండే రిటైర్డ్ హెడ్మాస్టరు గారి మొహం కనబడింది.

పక్కనే మా అక్క కూతురు. డిగ్రీ రెండో ఏడు. 'అటాక్ ఆన్ టైటన్' అనే జపాన్ కథలోని మికాసా వేషంలో, మెడకి ఎర్ర మఫ్లర్ చుట్టుకుని తాపీగా ఉంది.

"మావయ్యా, నొక్కనా?"

"ఆగవే, ఒక్క నిమిషం."

"ఇప్పటికి నాలుగయ్యాయి."

లిఫ్టు సంగతి తర్వాత. ముందు ఆ శవం నా భుజమెలా ఎక్కిందో చెప్పాలి. ఎందుకంటే ఈ అధ్యాయంలో నేను చెప్పదలచుకున్నదంతా ఆ శవాన్ని తయారుచేసిన ఎనిమిది వారాల్లో నేర్చుకున్నదే. ధైర్యం వచ్చాక వేషం కడదామని కూర్చుంటే ఆ రోజు రాదు. వేషం మీద పనిచేస్తూ పోతే, అది పూర్తయ్యే వేళకి కావలసినంత ధైర్యం దానితోపాటే తయారవుతుంది.

ఈ వయసులో ఈ వేషాలేంట్రా

మా అక్క అన్న మొదటి మాట ఇది. మన భాషలో ఈ మాటకి ఉన్న తమాషా గమనించారా? "వేషాలేస్తున్నావా?" అంటే తిట్టు. "వేషం కట్టాడు" అంటే మెప్పు. రెండూ ఒకే మాట మీద నిలబడ్డాయి.

వేషం కట్టేవాళ్లని నెత్తిన పెట్టుకున్న జాతి మనది. తిరుపతిలో ఏటా మే నెలలో తాతయ్యగుంట గంగమ్మ జాతర జరుగుతుంది. బైరాగి వేషం, బండ వేషం, తోటి వేషం, దొర వేషం, మాతంగి వేషం అని రోజుకొకటి కడతారు. బ్యాంకు ఉద్యోగులూ కాలేజీ కుర్రాళ్లూ చీర కట్టి, జడ వేసి, పూలు పెట్టుకుని వీధుల్లో నడుస్తారు. ఎవరూ నవ్వరు, అది మొక్కు. స్త్రీ పాత్రలు కట్టడంలోనే జీవితం గడిపిన స్థానం నరసింహారావు గారికి 1956లో పద్మశ్రీ వచ్చింది. కూచిపూడి భామాకలాపంలో వేదాంతం సత్యనారాయణ శర్మ గారి సత్యభామని చూసినవాళ్లు ఆ జడ విసురు గురించి ఇప్పటికీ చెబుతారు. నాట్యశాస్త్రం అభినయాన్ని నాలుగుగా విడదీసింది: ఆంగికం, వాచికం, ఆహార్యం, సాత్వికం. ఒంటి కదలిక, మాట, వేషధారణ, మనసులోని భావం. వేషధారణకి తక్కిన మూడింటి సరసన పీట వేశారన్నమాట.

కామిక్ కన్వెన్షన్లలో కుర్రాళ్లు చేసే కాస్‌ప్లే ఈ ఆహార్యానికి దగ్గరి చుట్టమే. కాకపోతే అక్కడ నాటకం ఉండదు, టికెట్టు కొన్న ప్రేక్షకుడే పాత్ర.

ఇది మొదలైన తీరు నాకు బాగా నచ్చుతుంది. 1939 జులైలో న్యూయార్క్‌లో తొలి ప్రపంచ సైన్స్ ఫిక్షన్ సమావేశం జరిగింది. వచ్చింది సుమారు రెండు వందల మంది, అందరూ మామూలు బట్టల్లోనే. ఇద్దరు మాత్రం భవిష్యత్తులోంచి దిగివచ్చిన మనుషుల్లా తయారై వచ్చారు. ఫారెస్ట్ ఆకర్‌మన్ అనే కుర్రాడు, అతని స్నేహితురాలు మర్టిల్ డగ్లస్. ఆ దుస్తులు కుట్టింది మర్టిలే. మరుసటి ఏడు షికాగోలో జరిగిన సమావేశంలో వేషాల పార్టీయే పెట్టారు. కాస్‌ప్లే అన్న పేరు చాలా ఆలస్యంగా వచ్చింది. నొబుయుకి తకాహాషి అనే జపనీయుడు 1983లో కాస్ట్యూమ్, ప్లే అనే రెండు మాటల్ని తమ భాష అలవాటు చొప్పున కుదించి "కొసుపురె" అన్నాడు. మన దేశంలో కామిక్ కాన్ 2011లో ఢిల్లీలో మొదలై, 2013కల్లా హైదరాబాద్ చేరింది.

రెండు వందల మందిలో ఇద్దరు! ఆ పొద్దున మర్టిల్ కూడా ఏదో ఒక తలుపు ముందు కాసేపు ఆగే ఉంటుందని నా నమ్మకం.

మొదటి మెట్టు: ఎవరిని కట్టాలి

మా మేనకోడలు మూడేళ్లుగా కామిక్ కాన్‌కి వెళుతోంది. ఒకనాడు భోజనాల దగ్గర నన్ను నిలదీసింది.

"మావయ్యా, నువ్వు క్లాసుల్లో చెప్పేదంతా నోటి పనే కదా. చేత్తో ఏదైనా చేసి జనంలోకి తీసుకెళ్లావా ఎప్పుడైనా?"

జవాబు లేదు. "సరే, నేనూ వస్తా. ఎవరిని కట్టమంటావ్?" అన్నాను, నోరుజారి.

"నన్ను అడిగితే ఎలా? నీకెవరంటే ఇష్టమో నీకు తెలియాలి."

మొదటి వేషానికి చాలామంది బోల్తా కొట్టేది ఇక్కడే. ఈ ఏడాది అందరూ కడుతున్న పాత్రనో, తన ఒంటికి నప్పుతుందని పక్కవాళ్లు చెప్పిన పాత్రనో పట్టుకుంటారు. మూడో వారానికి విసుగొస్తుంది. పాత్ర మీద ప్రేమ ఉన్నవాడు రాత్రి పదకొండింటికి కూడా ఆ బకిల్ సరిగా రాలేదే అని లేచి కూర్చుంటాడు. పొడుగు, రంగు, లావు, వయసు, ఆడా మగా అనే లెక్కలు కాస్‌ప్లేలో లేవు. ఆడపిల్లలు మగ పాత్రలు, మగపిల్లలు ఆడ పాత్రలు కట్టడం అక్కడ మామూలే. స్థానం వారి నాటకాలు చూసిన మన తాతలకి ఇది కొత్త కాదు.

ఎంపికకి మూడు ప్రశ్నలు వేసుకోండి. ఈ పాత్ర గురించి ఎవరైనా అడిగితే పది నిమిషాలు ఆపకుండా చెప్పగలనా? నీడని బట్టి ఈ పాత్ర ఎవరో పోల్చుకోవచ్చా? చేయడానికి కష్టమైన భాగం ఒక్కటేనా, నాలుగైదు ఉన్నాయా? మొదటిసారికి ఒక్కటే ఉండాలి. తక్కినవి బీరువాలోంచి, అద్దెకి, అరువుకి దొరికేవైతే మంచిది.

నాకు మూడింటికీ జవాబైనవాడు విక్రమార్కుడు. 1947లో మొదలైన చందమామ మా ఇంట్లో మా నాన్న చదివి, నేను చదివి, అట్టలూడిపోయిన పుస్తకం. అందులో శంకర్ గీసిన బొమ్మ, చేతిలో కత్తి, భుజం మీద శవంతో నడుస్తున్న రాజు, కళ్లు మూసుకున్నా కనిపిస్తుంది. నీడ చాలు, పోల్చుకోవచ్చు. కష్టమైన భాగం కూడా ఒక్కటే. బేతాళుడు.

రెండో మెట్టు: తేదీ దగ్గర్నుంచి వెనక్కి

పెళ్లి పనులు ఎలా చేస్తాం? ముహూర్తం ముందు, పనులు తర్వాత. వేషానికీ అంతే. మా మేనకోడలు గోడ క్యాలెండర్ దించి, కామిక్ కాన్ శనివారం చుట్టూ ఎర్ర గీత గీసి, అక్కణ్ణుంచి వెనక్కి లెక్కపెట్టింది. ఎనిమిది వారాలు.

చివరి వారంలో కొత్త పని ఏదీ ముట్టుకోకూడదు. దానికి ముందు వారం మొత్తం వేషం కట్టుకుని చూడాలి. అంతకు ముందు రెండు వారాలు రంగులు. దానికి ముందు మూడు వారాలు కోత, అతుకు. మిగిలిన మొదటి వారంలో బొమ్మలు పోగేయడం, కొలతలు, సామాను. ఏ పనికైనా మనం అనుకున్న సమయానికి రెండింతలు రాసుకోవాలన్నది ఆ అమ్మాయి సూత్రం. మొదట నవ్వాను. ఒక్క కిరీటం మూడు సాయంత్రాలు తిన్నాక నవ్వడం మానేశాను.

ఖర్చుకి కూడా ముందే గీత గీశాం: మూడు వేలు దాటకూడదు. బట్ట సికింద్రాబాద్ జనరల్ బజార్‌లో, బకిళ్లు, ఎలాస్టిక్, పూసలు బేగంబజార్‌లో. ముఖ్యమైన సరుకు ఈవీఏ ఫోమ్. పిల్లల గదుల్లో, జిమ్ముల్లో నేలమీద పరుస్తారే, ఒకదాంట్లో ఒకటి ఇమిడే చాపలు, అదే. రెండు మిల్లీమీటర్ల నుంచి పది మిల్లీమీటర్ల పైదాకా మందాల్లో షీట్లు దొరుకుతాయి. కవచాలకి మందంది, నగిషీకి పలచనిది. వేడి తగిలితే మెత్తబడుతుంది, చల్లారితే వంచిన ఆకారంలోనే నిలబడుతుంది. అందుకే కాస్‌ప్లే లోకంలో దానికంత గిరాకీ. హీట్ గన్ కొనలేదు. కార్లకి స్టిక్కర్లు వేసే తెలిసిన కుర్రాడి దగ్గర ఆదివారాలు అడిగి తెచ్చుకున్నాం.

అడగడం కూడా ఈ పనిలో భాగమే. ఒంటరిగా చేస్తేనే గొప్ప అనే భ్రమ ఈ మెట్టు దగ్గరే వదిలేయండి.

మూడో మెట్టు: చేతిపని

నా మొదటి బేతాళుణ్ణి పాత బట్టలు కుక్కి తయారుచేశాను. ఒక పంచెకి కాళ్లూ చేతులూ కుట్టి, లోపల చిరిగిన దుప్పట్లు, పాత ప్యాంట్లు కూరాను. చూడ్డానికి బ్రహ్మాండంగా ఉంది. సూట్‌కేసులు తూచే కొక్కెం త్రాసుకి వేలాడదీస్తే ఆరు కిలోలు. భుజాన వేసుకుని హాల్లో పది నిమిషాలు నడిచేసరికి మెడ పట్టేసింది. కామిక్ కాన్‌లో ఆరేడు గంటలు నిలబడాలి. విక్రమార్కుడు మోసింది కథలో, నేను మోయాల్సింది హైటెక్స్ ఎగ్జిబిషన్ హాల్లో.

విప్పదీసి మళ్లీ మొదలుపెట్టాం. ఈసారి చేతులకీ కాళ్లకీ ప్యాకింగ్ బబుల్ షీట్ చుట్టలు, వాటి మీద పలచని బట్ట. ఛాతీకి ఆరు మిల్లీమీటర్ల ఫోమ్, పక్కటెముకలు పైన అతికించిన సన్నటి పట్టీలు. తలకి అచ్చు కావాల్సి వచ్చింది. వంటింట్లో మా అమ్మ నాటి గుండు చెంబు ఉంది. ఫోమ్ ముక్కని హీట్ గన్‌తో అటూ ఇటూ ఊపుతూ కాస్తే, దాని పైపొర కొంచెం నిగనిగలాడుతుంది. అదే గుర్తు. వెంటనే చెంబు మీద పెట్టి, మందపాటి గ్లవుజు వేసుకున్న చేతుల్తో అదిమి, ముప్ఫై లెక్కపెట్టాలి. తీస్తే చెంబు గుండ్రం ఫోమ్‌కి వచ్చేస్తుంది. అలా ముందు సగం, వెనక సగం చేసి కలిపితే పుర్రె. గడ్డం, దవడలు, ముక్కు విడిగా కోసి అతికించాం. జనపనారని దువ్వెనతో చిక్కుతీస్తే జుట్టు. కొత్త బేతాళుడు ఒక కిలో నాలుగు వందల గ్రాములు తూగాడు. పాత స్కూలు బ్యాగు పట్టీలు కోసి అతని పొట్టకి బిగించి, అవి నా అంగీ లోపల్నుంచి పోయేట్టు కుట్టాను. బయటికి చూస్తే శవం భుజాన వేలాడుతున్నట్టే ఉంటుంది. నిజానికి బరువు వీపు మీద పడుతుంది.

కొన్ని జాగ్రత్తలు. ఫోమ్ కోసే కత్తి మొద్దుబారితే అంచు చిరుగుతుంది, మనం బలం ఎక్కువ పెడతాం, అప్పుడే వేలు తెగుతుంది. బ్లేడు తరచూ మార్చండి, కత్తిని ఒంటికి దూరంగా లాగండి. అంచులు అరగదీసేటప్పుడు లేచే పొడికి ఎన్95 మాస్కు చాలు. జిగురు ఆవిరికి అది చాలదు. గాలి ఆడే బాల్కనీలో, ఆవిరిని ఆపే ఫిల్టరున్న మాస్కు పెట్టుకుని చేయండి. ఆ ఆవిరి భగ్గుమనే రకం, దరిదాపుల్లో స్టవ్వు, అగరొత్తి ఉండకూడదు. హీట్ గన్ లేదని గ్యాస్ మంట మీద ఫోమ్ కాచే ప్రయత్నం అసలు వద్దు.

రంగు నేరుగా వేస్తే ఫోమ్ పీల్చేసుకుంటుంది, వంగిన చోట పగులుతుంది. తెల్ల ఫెవికాల్‌లో కొంచెం నీళ్లు కలిపి మూడు నాలుగు పూతలు, ఒకటి ఆరాక ఒకటి వేస్తే పైన పొర కడుతుంది. కిరీటం మెరవాలంటే ముందు మొత్తం నల్లరంగు కొట్టండి. అది ఆరాక బ్రష్షుని బంగారు రంగులో ముంచి, పాత గుడ్డకి దాదాపు అంతా తుడిచేసి, ఉబ్బిన చోట్ల మాత్రమే తేలిగ్గా రాయండి. గుంటల్లో నలుపు ఉండిపోతుంది. దూరం నుంచి ఎవరైనా ఇత్తడే అనుకుంటారు.

నాలుగో మెట్టు: తుమ్ము పరీక్ష

ఏడో వారం ఆదివారం మొత్తం వేషం కట్టుకుని హాల్లో నిలబడ్డాను. మా అక్క సోఫాలో కూర్చుని బఠాణీలు ఒలుస్తోంది. బేతాళుడి జనపనార జుట్టు నా ముక్కుకి తగిలింది. తుమ్మాను. బేతాళుడి ముక్కు ఊడి, నేలమీద దొర్లుకుంటూ సోఫా కిందికి పోయింది.

బఠాణీలు ఒలుస్తున్న చేతులు ఆగాయి. "తుమ్మితే ఊడే ముక్కు అంటే ఏంటో అనుకున్నా ఇన్నాళ్లూ. ఇదేరా," అంది మా అక్క.

పరీక్షగా చూస్తే ముక్కొక్కటే కాదు, దవడ కూడా కదులుతోంది. అంత ఖరీదు పెట్టి కొన్న జిగురు మోసం చేసిందని నాకు కోపం. మర్నాడు స్కూటర్ పంక్చరైతే వీధి చివర షాపుకి తోసుకెళ్లాను. అక్కడ పంక్చర్లు వేసే ఆయన ట్యూబుని ఆకురాయితో గీకాడు. సొల్యూషన్ ట్యూబుకీ రాశాడు, ప్యాచీకీ రాశాడు. రాసి, రెండూ పక్కన పెట్టి, టీ తాగుతూ కూర్చున్నాడు.

"అతికించవేం?" అన్నాను.

"ఆరాలి కద సార్. పచ్చిగున్నప్పుడు అతికిస్తే లోపల గాలి తిరుగుతది, పట్టదు. ఏలు పెడితే అంటుకోవద్దు. అప్పుడు పెట్టాలె. ఒక్కసారి పెట్టినంక ఇగ జరగదు."

టీ అయ్యాక వేలితో తాకి చూసి, ప్యాచీ పెట్టి, సుత్తితో నాలుగు దెబ్బలు వేశాడు. నేను వాడిందీ ఆ జాతి రబ్బరు జిగురే. రెండు వైపులా రాయాలి, పది నిమిషాలు ఆగాలి, అప్పుడు అతికించి గట్టిగా నొక్కాలి. నేను రాసిన మరుక్షణం అతికించాను. ఆరాల్సిన తడి లోపలే బందీ అయిపోయింది. ఓపిక పట్టండి అని ఇరవై రెండేళ్లు చెప్పినవాణ్ణి, ఎంతసేపు, దేనికోసం, ఏ గుర్తు కనబడేదాకా అని ఎప్పుడూ చెప్పలేదు. ఆయన చెప్పాడు: వేలు పెడితే అంటుకోకుండా అయ్యేదాకా.

ముక్కూ దవడా పీకి, పాత జిగురు గీకి, మళ్లీ అతికించాను. ఇప్పుడు లాగినా రాదు.

అందుకే మీ వేషానికి కూడా కనీసం వారం ముందు ఈ పరీక్ష పెట్టండి. కట్టుకుని కూర్చోండి, లేవండి, రెండు అంతస్తుల మెట్లు ఎక్కి దిగండి. చేతులు పైకెత్తండి. మంచినీళ్లు తాగండి. బాత్రూముకి ఒక్కరే వెళ్లగలరా చూసుకోండి, ఇది నవ్వుకునే సంగతి కాదు. విగ్గు, హెల్మెట్ పెట్టుకుని పక్కలకి ఎంత కనబడుతోందో తెలుసుకోండి. రంగు కాంటాక్ట్ లెన్సులైతే కంటి డాక్టరుకి చూపించాకే. ఆటోలో పట్టే వేషమా, అక్కడికెళ్లి కట్టుకోవాల్సినదా ముందే తేల్చుకోండి. ఏది ఊడినా సంతోషించండి, ఇంట్లోనే ఊడింది. సంచిలో ఫెవిక్విక్, పిన్నీసులు, సూదీ దారం, రెండు వైపులా అంటుకునే టేపు, చిన్న కత్తెర వేసుకోండి.

లిఫ్టు

మళ్లీ ఆ శనివారానికి వద్దాం. ఊహించుకోవడాలూ ఊపిరి పీల్చుకోవడాలూ అయిపోయాక చేయడానికేమీ మిగల్లేదు. అలవాటుగా భుజం దగ్గర పట్టీ తడిమాను. మూడు వరసలు కుట్టిన చోటు వేళ్లకి తగిలింది. మూడోది కొంచెం వంకర, ఆ రాత్రి కరెంటు పోయింది కాబట్టి. ముక్కు పట్టుకుని లాగాను, రాలేదు. పక్కటెముకల్లో కింది నుంచి రెండోది పొట్టిది, ఫోమ్ సరిపోక. ఆ వేషంలో నాకు తెలియని అంగుళం లేదు. దీని గురించి ఎవరేమడిగినా నా దగ్గర జవాబుంది అనిపించింది. వణుకు పూర్తిగా పోయిందని చెప్పను. బటన్ మాత్రం నొక్కాను.

అనుకున్నట్టే మూడో అంతస్తులో హెడ్మాస్టరు గారు ఎక్కారు. నన్ను చూశారు. బేతాళుణ్ణి చూశారు. లిఫ్టు రెండో అంతస్తు దాటింది, మొదటిది దాటింది. అప్పుడడిగారు.

"జుట్టు జనపనారేనా?"

"అవునండీ. దువ్వెనతో చిక్కు తీశాం. ముక్కు రెండుసార్లు అతికించాల్సొచ్చింది, మొదటిసారి జిగురు ఆరనివ్వలేదు..."

"మావయ్యా," అంది మా మేనకోడలు వెనకనుంచి. "నువ్వు నోరు తెరిస్తే బేతాళుడు చెట్టెక్కేస్తాడు."

హెడ్మాస్టరు గారు నవ్వడం నేను అదే మొదటిసారి చూశాను.

హాల్లో: చూపులూ చేతులూ

హైటెక్స్ గేటు దగ్గర ముందు ఆయుధాల తనిఖీ. లోహం, మొన, పదును ఉన్నవి రానివ్వరు. నా కత్తి ఫోమ్‌ది కాబట్టి దాటింది. ఏ ఏటి నిబంధనలు ఆ ఏడే చదువుకుని పని మొదలుపెట్టండి.

లోపల స్పైడర్‌మాన్లు గుంపులు గుంపులు. నారింజ రంగు బట్టల్లో నరుటోలు, గడ్డి టోపీల లూఫీలు, ఆకుపచ్చ నలుపు గళ్ల పైబట్టల్లో తంజిరోలు. నా వేషానికి ఒక నియమం పెట్టుకున్నాను: విక్రమార్కుడు మాట్లాడకూడదు. మాటలమ్ముకుని బతికేవాడికి అదెంత శిక్షో ఆలోచించండి. ఒక పదేళ్ల పిల్లాడు వచ్చి, "అంకుల్, మీరు ఏ యానిమే?" అన్నాడు. గొంతుదాకా వచ్చిన జవాబు మింగేశాను. వాడి వెనకాలే వాళ్ల తాతగారు వచ్చి, నన్నూ నా భుజాన్నీ చూసి, "ఒరేయ్, బేతాళుడ్రా!" అని నేలమీదే చతికిలబడి మనవడికి కథ మొదలుపెట్టారు. చుట్టూ నలుగురు నరుటోలు చేరారు. నేను మాట్లాడి ఉంటే ఆ కథ నేనే చెప్పేసి, ఆయన్ని ప్రేక్షకుణ్ణి చేసి ఉండేవాణ్ణి.

వేషంలో ఉన్నవాళ్లతో మెలిగే పద్ధతి ఒకటుంది. ఫొటో తీసే ముందు అడగాలి. తింటున్నప్పుడు, ఊడిన ముక్క సరిచేసుకుంటున్నప్పుడు అడగకూడదు. ముట్టుకోవాలంటే, బట్టైనా కత్తయినా, మళ్లీ అడగాలి. వేషం కట్టినంత మాత్రాన ఒంటి మీద చెయ్యి వేయనిచ్చినట్టు కాదని చెప్పే పెద్ద బోర్డులు 2014లో న్యూయార్క్ కామిక్ కాన్‌లో పెట్టారు. ఆ మాట అప్పట్నుంచి చాలాచోట్ల నియమంగా మారింది. మా మేనకోడలి భుజం మీద ఒకతను ఫొటో కోసం అడక్కుండా చెయ్యి వేశాడు. నేను కత్తి పట్టుకుని కదిలేలోపే ఆ అమ్మాయి ఒక అడుగు పక్కకి వేసి, గొంతు పెంచకుండా, "చెయ్యి తీసి తీసుకోండి, బాగా వస్తుంది," అంది. తీశాడు. తర్వాత అడిగితే, ఆ వాక్యాన్ని మూడేళ్ల కింద అద్దం ముందు ఇరవైసార్లు అని చూసుకుందట. వేషంతోపాటు మాట కూడా ఇంట్లోనే తయారుచేసుకోవాలి. ఆ మాటని దాటి వచ్చేవాడు ఎదురైతే మొహమాటం లేకుండా అక్కడి సిబ్బందికి చెప్పాలి.

మరో సంగతి. బాగా కట్టినవాళ్ల దగ్గరికి వెళ్లి "సూపర్" అని ఊరుకోకండి. "ఈ అంచు ఎలా తిప్పారు?" అని అడగండి. మొహాలు వెలిగిపోతాయి. హెల్మెట్ తీసి లోపలి అతుకులు చూపిస్తారు, వాళ్ల ముక్కు ఎన్నిసార్లు ఊడిందో చెబుతారు. కొత్తవాళ్లతో మాట కలపడం రాదని నా క్లాసులకి వచ్చే పిల్లలకి ఇప్పుడు నేను ఈ ప్రశ్న ఒక్కటే నేర్పుతున్నాను.

ఈ వారం మీరు చేయాల్సినవి

1. మీకు ప్రాణమైన ఒక పాత్ర పేరు రాయండి. కామిక్, సినిమా, చందమామ, భాగవతం, ఏదైనా సరే. పది నిమిషాలు దాని గురించి ఎవరికైనా చెప్పి చూడండి.

2. ఆ వేషంలో కనబడాల్సిన తేదీ వేయండి. కామిక్ కాన్ దూరమైతే స్నేహితుడి పుట్టినరోజు, కాలేజీ ఫెస్టు, వీధిలో దసరా. అక్కణ్ణుంచి వెనక్కి లెక్కపెట్టండి.

3. మొత్తం వేషం జోలికి పోవద్దు. ఈ వారం ఒక్క ముక్క చేయండి: ఒక కడియం, ఒక ముక్కు, ఒక కిరీటం. ముందు న్యూస్ పేపర్‌తో, తర్వాత ఫోమ్‌తో.

4. అది ఇంట్లో ఒకరికి చూపించి, లోపలి వైపు తిప్పి, ఎలా అతికించారో చెప్పండి. బాగుందా అని అడక్కండి.

5. తుమ్మండి. ఊడితే, పాత జిగురు గీకేసి రెండు వైపులా మళ్లీ రాయండి. వేలు పెట్టి చూడండి. ఇంకా అంటుకుంటోందా? అయితే వెళ్లి టీ పెట్టుకోండి. జిగురు డబ్బా మూత మాత్రం గట్టిగా బిగించి వెళ్లండి, రేపు మళ్లీ కావాలి.